అంట్లు చేత్తో తోమాలా, డిష్‌వాషర్ కొనాలా? తిరుపతి నీళ్లకూ మన గిన్నెలకూ నప్పే పద్ధతి

డిష్‌వాషర్ కొనాలా వద్దా అని అడిగేవారిని నేను మొదట వాళ్ల వంటింటి కుళాయి మూతి చూసి రమ్మంటాను. అక్కడ తెల్లటి సున్నపు పొర గట్టిపడి గోటితో గీకినా రాకపోతే ఒక జవాబు, మూతి నున్నగా ఉంటే ఇంకొక జవాబు. యంత్రం ధర, కంపెనీ పేరు, వారంటీ అన్నీ ఆ తర్వాతి మాటలు.

తిరుపతిలో ఈ తేడా వీధి వీధికీ మారుతుంది. కల్యాణి డ్యాం నుంచి, తెలుగుగంగ పథకం కింద కండలేరు నుంచి వచ్చే నీళ్లు మున్సిపల్ కుళాయిల్లో వస్తాయి. జలాశయం నీళ్లు కాబట్టి అవి మామూలుగా తేలికగానే ఉంటాయి. బోరు మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లలో, వేసవి రాగానే ట్యాంకరు కోసం ఫోన్లు చేసుకునే కాలనీల్లో సంగతి వేరు. రాతి పొరల్లోంచి తోడిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కరిగి ఉంటాయి. దీన్నే నీళ్ల కాఠిన్యం అంటారు, అలాంటి నీళ్లు కఠిన జలం. చిత్తూరు వైపు లోతు బోర్ల నీళ్లతో గిన్నెలు తోమేవారికి ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. కడిగి బోర్లించిన స్టీలు గ్లాసు మీద ఆరాక మిగిలే తెల్ల చుక్కలే చెబుతాయి. చాలా ఇళ్లలో కుళాయి నీళ్లు, బోరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి కనుక ఈ నెల ఉన్న గుణం వచ్చే నెల ఉండకపోవచ్చు.

అందుకే ఈ మార్గదర్శిలో మొదటి అడుగు నీళ్లది. గిన్నెల విషయం దాని తర్వాత.

నీళ్ల కాఠిన్యం తేల్చుకోవడం

మూత గట్టిగా బిగిసే ఖాళీ సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో మీ కుళాయి నీళ్లు సగం వరకు, మరొకదానిలో అంతే ఆర్‌ఓ నీళ్లో వాన నీళ్లో పోయండి. ఒంటికి రుద్దుకునే మామూలు సబ్బును కొద్దిగా తురిమి, వేడినీళ్లలో కరిగించి, ఆ నీటిని రెండింటిలోనూ సమానంగా కొన్ని చుక్కలు వేసి బాగా కుదపండి. మెత్తని నీళ్లలో నురగ వెంటనే లేచి నిలుస్తుంది. కఠిన జలంలో నురగ రాదు, పైన తెల్లటి తెట్టు తేలుతుంది, నీళ్లు పాలలా మసకబారుతాయి. ఈ పరీక్షకు గిన్నెలు తోమే ద్రవం వాడకూడదు. అది డిటర్జెంటు కాబట్టి కఠిన జలంలోనూ నురగ తెప్పించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

అంకె కావాలంటే కాఠిన్యం చూసే కాగితపు పట్టీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా అనుమతిస్తారు. ఆర్‌ఓ బిగించడానికి వచ్చినాయన చేతిలోని టీడీఎస్ మీటరు చూపే అంకె కాఠిన్యం కాదు. నీటిలో కరిగిన లవణాలన్నిటి లెక్క అది. టీడీఎస్ ఎక్కువున్న నీళ్లన్నీ సున్నం కట్టవు. డిష్‌వాషర్‌లో నీళ్లను మెత్తబరిచే ఉప్పు మోతాదు కుదిర్చేటప్పుడు మనకు కావలసింది కాఠిన్యమే.

గిన్నెలను మూడు గుంపులు చేయడం

వంటింట్లో ఉన్నవన్నీ ఒకసారి గట్టు మీద పెట్టి చూడండి. కంచాలు, గ్లాసులు, చెంచాలు, స్టీలు గిన్నెలు, టిఫిను డబ్బాలు, స్టీలు ఇడ్లీ రేకులు, పింగాణీ కప్పులు, గాజు సామాను మొదటి గుంపు. ఇవి ఎందులో కడిగినా ఒకటే, యంత్రంలో నిశ్చింతగా వేయవచ్చు. వేడికి ఓర్చే ప్లాస్టిక్ డబ్బాలు కూడా ఇందులోకే వస్తాయి, పై అరలో పెడితే చాలు.

రెండో గుంపు యంత్రంలోకి పోకూడనివి. అల్యూమినియం, హిండాలియం గిన్నెలు ముందు వరుసలో ఉంటాయి. డిష్‌వాషర్ పొడిలో క్షార గుణం ఎక్కువ, ఆ వేడిలో అల్యూమినియం నల్లబడుతుంది. ముట్టుకుంటే చేతికి మసి అంటుతుంది. ఇత్తడి, రాగి, కంచు పాత్రలు మెరుపు పోగొట్టుకుంటాయి, కళాయి పూసినవైతే పూత పాడవుతుంది. ఇనుప పెనం తుప్పు పడుతుంది. సంగటి కెలికే తెడ్డు, చపాతీ కర్ర, కవ్వం లాంటి చెక్క సామాను ఉబ్బి చీలుతుంది. నాన్‌స్టిక్ పెనం అడుగున డిష్‌వాషర్ గుర్తు ఉందో లేదో చూడండి. ఉన్నా నేనైతే వేయను. మట్టి దాకల సంగతి వేరే చెప్పాలా!

మూడో గుంపు వేయగలిగినా లాభం లేనివి: మాడిన పాల గిన్నె, ఎండిపోయిన సంగటి గిన్నె, అడుగంటిన కుక్కరు. యంత్రం నీళ్లు చిమ్ముతుంది తప్ప రుద్దదు. ఈ గుంపు ఎంత పెద్దదో మీ ఇంటి వంటను బట్టి ఉంటుంది. రోజూ సంగటి, పప్పు, పులుసు, దోసెలు వండే ఇంట్లో రెండో గుంపూ మూడో గుంపూ కలిపితే మొదటిదానికంటే ఎక్కువే తేలవచ్చు. అలా తేలితే డబ్బు ఖర్చు పెట్టకముందే సగం నిర్ణయం అయిపోయినట్టే.

చేత్తో తోమడం: తోమకముందు జరిగే పని

అంట్లు తోమడంలో కష్టమంతా రుద్దడంలో ఉందనుకుంటారు. నిజానికి ఆ కష్టం మనమే పెంచుకుంటాం, తిన్న కంచాన్ని ఎండబెట్టి. అన్నం మెతుకు తడిగా ఉన్నప్పుడు వేలితో తోస్తే పోతుంది. రెండు గంటలు ఫ్యాను గాలి తగిలిందంటే ఇనుప పీచు కావాలి.

ముందు ఎంగిలి మెతుకులు, కరివేపాకు, చింతపండు పిప్పి, ఎముకలు బుట్టలోకి దులిపేయండి. నూనె బాణలిని, వేపుడు చేసిన మూకుడును పాత వార్తాపత్రిక ముక్కతో ఒకసారి తుడిచేయండి. ఈ ఒక్క పనితో సబ్బు ఖర్చు కనిపించేంతగా తగ్గుతుంది, సింకు కింది గొట్టం జిడ్డుతో మూసుకుపోదు.

తర్వాత నానబెట్టడం. అన్నిటికీ ఒకే నీళ్లు పనికిరావు. పాలు, పెరుగు, గుడ్డు అంటిన గిన్నెల్లో చన్నీళ్లే పోయాలి. వేడినీళ్లు పోస్తే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి గిన్నెను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అన్నం, సంగటి, దోసెపిండి లాంటి పిండి పదార్థాలకు మామూలు నీళ్లో గోరువెచ్చనివో చాలు, కావలసింది సమయం. నెయ్యి, నూనె, మాంసం కొవ్వుకు మాత్రం వేడినీళ్లు తప్పనిసరి. ఇక్కడ మన ఊరి ఎండ పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు గంటల వేళ మిద్దె మీది ట్యాంకులోంచి వచ్చే నీళ్లలో చేయి పెట్టలేం. నాటుకోడి పులుసు వండిన గిన్నెలు ఆ వేళకు ఉంచుకుని తోమితే గ్యాసు ఖర్చు లేకుండా జిడ్డు వదులుతుంది.

సంగటి గిన్నె గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే రాయలసీమ వంటింట్లో ఎక్కువ తిట్లు తినేది అదే. ముద్దలు తీసిన వెంటనే, గిన్నె ఇంకా వేడిగా ఉండగానే, అంచుల దాకా నీళ్లు పోసి మూత పెట్టండి. గోడలకు అంటిన రాగిపిండి పొర తడి పీల్చుకుని ఉబ్బుతుంది. భోజనం చేసి వచ్చేసరికి అంచు దగ్గర ఆ పొర కొద్దిగా పైకి లేచి కనిపిస్తుంది. అక్కడ చెక్క గరిటె అంచు దూర్చి తోస్తే బూడిదరంగు రేకులు రేకులుగా ఊడి వస్తుంది, కింద గిన్నె శుభ్రంగా బయటపడుతుంది. నీళ్లు సగానికే పోస్తే పై సగం ఎండి, రెండింటికీ మధ్య ఒక గీత మిగులుతుంది. ఆ గీతను గీకడానికే ఇనుప పీచు అరిగిపోతుంది. నానిన నీళ్లు పెరట్లో చెట్టుకు పోసేయండి. పిండి రేకులను సింకులోకి మాత్రం వదలకండి.

ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లను పారబోయకుండా ఈ నానబెట్టే పనికి వాడుకోవచ్చు. చివరి కడుగుకు మాత్రం వద్దు, అందులో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి, మరకలు రెట్టింపవుతాయి.

చేత్తో తోమడం: రెండు తొట్ల పద్ధతి

కుళాయి తిప్పి వదిలేసి తోమడం మన ఇళ్లలో అలవాటు. ఎంత పోతుందో తెలియాలంటే కుళాయి కింద బకెట్టు పెట్టి, నిమిషంలో ఎంత నిండుతుందో చూడండి. నిమిషానికి 8 లీటర్లు వచ్చే కుళాయిని పావుగంట తెరిచి ఉంచితే 120 లీటర్లు. రెండు తొట్లు పెట్టుకుంటే అదే పని 20 నుంచి 25 లీటర్లలో అయిపోతుంది. ట్యాంకరు నీళ్లకు డబ్బు కట్టే ఇంట్లో ఈ తేడా నెలాఖరుకు తెలిసివస్తుంది.

ఒక తొట్టిలో అయిదారు లీటర్ల సబ్బు నీళ్లు, పక్క తొట్టిలో అంతే మంచి నీళ్లు పోసుకోండి. ఒకే తొట్టి ఉన్న సింకు అయితే సింకును ఒక తొట్టిగా వాడుకుని పక్కన ప్లాస్టిక్ టబ్బు పెట్టుకోండి. సబ్బు ద్రవాన్ని పీచు మీద నేరుగా పిండకండి. చిన్న గిన్నెలో నీళ్లు పోసి ఒక చెంచా ద్రవం కలిపి, అందులో పీచు ముంచుకుంటూ తోమండి. సబ్బు బిళ్ళ వాడేవారు దాన్ని అడుగున రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. నీళ్లలో కూర్చున్న బిళ్ళ సగం తోమకుండానే కరిగిపోతుంది.

వరుస ముఖ్యం. గాజు గ్లాసులు, కప్పులు ముందు. తర్వాత చెంచాలు, కంచాలు. ఆ తర్వాత కూర గిన్నెలు, పప్పు గిన్నె. బాణలి, కుక్కరు, పెనం అన్నిటికంటే చివర. ఈ వరుస తిరగబడితే బాణలి జిడ్డు నీళ్లలో కలిసి గ్లాసులకు పడుతుంది, పొద్దున కాఫీలో తాలింపు వాసన వస్తుంది. సబ్బు నీళ్లు మురికిపట్టి నురగ చచ్చిపోతే పారబోసి కొత్తవి కలపండి, పిసినారితనం చూపకండి.

కంచానికి ముందువైపు ఎంత రుద్దుతామో అంచు కింద, వెనకవైపు కూడా అంతే రుద్దాలి. దొంతిగా పెట్టిన కంచాల్లో పై కంచం వెనక జిడ్డు కింది కంచానికి అంటుతుంది. మూతల మడతలు, టిఫిను డబ్బా గాడి, గరిటె కాడకూ గిన్నెకూ మధ్య అతుకు కూడా వేలు పెట్టి తడిమి చూడాల్సిన చోట్లే. కంటికి కనిపించని జిడ్డు వేలికి తెలుస్తుంది.

తోమినవాటిని మంచి నీళ్ల తొట్టిలో ముంచి, కుళాయిని సన్నగా తిప్పి ఒక్కసారి తొలిపి తీయండి. కఠిన జలం ఉన్న ఇళ్లలో ఇక్కడొక అడుగు అదనం: నీళ్లు ఆరకముందే పొడిగుడ్డతో తుడవాలి. తెల్ల చుక్కలు పడేది నీటి బొట్టు గిన్నె మీదే ఆవిరైపోయినప్పుడు. నీళ్లు పోయి సున్నం మిగులుతుంది. తుడిచిన గిన్నెకు చుక్కలుండవు. ఇప్పటికే పట్టిన మచ్చలకు నిమ్మచెక్క రుద్దినా, వెనిగర్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచినా పోతాయి.

పీచు, స్పాంజి పని అయ్యాక పిండి గాలికి వేలాడదీయాలి. సింకు మూలలో తడిగా పడి ఉండే స్పాంజిలో సూక్ష్మక్రిములు హాయిగా పెరుగుతాయి. వాసన వచ్చిందంటే దాన్ని కడిగి లాభం లేదు, మార్చేయాలి. కొబ్బరి పీచు ఈ విషయంలో మేలు, త్వరగా ఆరుతుంది, గీతలు పడవు, అరిగితే మట్టిలో కలుస్తుంది.

నడుము నొప్పికి కారణం చాలాసార్లు సింకు లోతు. తొట్టి కింద చిన్న పీటో పలకో వేసి అడుగు పైకి తెస్తే వంగాల్సిన పని తగ్గుతుంది. చేతులు పొక్కేవారు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. వద్దనుకుంటే పని ముగించి తుడుచుకుని కొబ్బరినూనె రాసుకోవాలి.

మొండి గిన్నెలు

మాడిన స్టీలు గిన్నెలో నీళ్లు పోసి రెండు చెంచాల వంటసోడా వేసి పది నిమిషాలు మరిగించి, చల్లారనిచ్చి చెక్క గరిటెతో తోయండి. ఇదే పని అల్యూమినియం గిన్నెకు చేయకూడదు, సోడాకు అది నల్లబడుతుంది. దానికి చింతపండు నీళ్లో నిమ్మతొక్కలో వేసి మరిగించాలి. ఒక లోహానికి పనిచేసింది ఇంకో లోహాన్ని పాడుచేస్తుందని ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే ఎన్నో గిన్నెలు బతుకుతాయి.

ఇత్తడి, రాగి సామానుకు చింతపండు, ఉప్పు చాలు. చింతపండులోని ఆమ్లం లోహం మీది నల్లటి పొరను కరిగిస్తుంది, ఉప్పు ఆ పనికి తోడవుతుంది. రుద్దిన వెంటనే బాగా కడిగి తుడిచేయాలి. పులుపు అలాగే ఉండిపోతే ఆకుపచ్చ మచ్చలు లేస్తాయి. లోపల కళాయి పూత ఉన్న ఇత్తడి గిన్నెను లోపలివైపు ఇనుప పీచుతో తోమకండి, పూత తగరమే కాబట్టి అరిగిపోతుంది. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచకూడదు.

మిక్సీ జారులో సగం నీళ్లు, చుక్క సబ్బు వేసి ఒక్కసారి తిప్పితే బ్లేడు కింద దాగిన పచ్చడి బయటికి వస్తుంది. ఆ తర్వాత జారును తిరగేసి అడుగున నీళ్లు కారనివ్వాలి, లేకపోతే బుష్ పాడై జారు కారడం మొదలవుతుంది. కుక్కరు గాస్కెట్టు ప్రతిసారీ ఊడదీసి కడగాలి. మూత మీది ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి అవతలివైపు కనిపిస్తోందో లేదో చూడాలి, పప్పు పొట్టు అడ్డుపడటం అంత చిన్న విషయం కాదు. ఇనుప దోసె పెనానికి సబ్బు వద్దు. వేడిగా ఉండగా ఉప్పు చల్లి గుడ్డతో రుద్ది, తుడిచి, నూనె చేయి తిప్పండి.

ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన పసుపు మరకను రుద్దుతూ కూర్చోకండి. పసుపులోని రంగు నూనెలో కరిగి ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. కడిగి మిద్దె మీద ఎండకు పెడితే ఆ రంగు తనంతట తానే వెలిసిపోతుంది. పసుపు కంచానికి సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడవద్దు, క్షారం తగిలితే పసుపు ఎర్రబడటం దాని గుణం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేవారికి ఇది కొత్త కాదు.

యంత్రం లెక్క

1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ అనే సంపన్న గృహిణి డిష్‌వాషర్‌కు పేటెంటు తీసుకుంది. పనివాళ్ల చేతుల్లో తన ఖరీదైన పింగాణీ సామాను పెచ్చులూడుతోందన్నది ఆమె బాధ. బల్లపరుపు ప్లేట్లను తీగల అరల్లో నిలబెట్టి వేడి సబ్బు నీళ్లు ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు అది. ఇవాళ్టి యంత్రాల మూలసూత్రమూ అదే. కంపెనీలు చెప్పే ‘12 సెట్లు’, ‘14 సెట్లు’ అన్న లెక్క కూడా వాళ్ల ప్లేట్లు, సాసర్లు, ఫోర్కులది. మన బాణలి, కుక్కరు ఎన్ని పడతాయో ఆ అంకె చెప్పదు. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ అయిదు లీటర్ల కుక్కరునూ, పెద్ద కంచాన్నీ సంచిలో వేసుకెళ్లి కింది అరలో పెట్టి చూడండి. నవ్వితే నవ్వనివ్వండి.

కొత్త యంత్రం ఒకసారి తిరగడానికి సుమారు 9 నుంచి 12 లీటర్ల నీళ్లు, ఒక యూనిట్ అటూఇటుగా కరెంటు తీసుకుంటుంది. చేత్తో తోమడం దుబారా అని చెప్పడానికి అందరూ చూపించేది జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం పరీక్షలు. అక్కడ ఐరోపా దేశాల వారి చేత 12 సెట్ల సామాను కడిగిస్తే సగటున 100 లీటర్లకు పైగా నీళ్లు ఖర్చయ్యాయి. 2020లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో ముక్క చేర్చారు. కుళాయి వదిలేసి తోమడం కంటే యంత్రం మేలే గానీ, రెండు తొట్ల పద్ధతిలో చేత్తో తోమితే వాతావరణంలోకి చేరే కర్బన ఉద్గారాలు యంత్రం కంటే కూడా తక్కువ.

ఈ అంకెలను మన ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. అక్కడ చేత్తో కడిగేవారు వేడినీళ్లు వాడతారు. యంత్రం ఆదా చేసే ఇంధనంలో పెద్ద వాటా ఆ వేడినీళ్లది. తిరుపతిలో అంట్ల కోసం గీజరు వేసేవారు ఎందరుంటారు? కాబట్టి మనకు కరెంటు ఆదా అన్న మాట వర్తించదు, కరెంటు ఖర్చు కొత్తగా చేరుతుంది. ఆదా అయ్యేది నీళ్లు, మనిషి సమయం. యంత్రంలో వేసే డిటర్జెంటు బిళ్ళ, ఉప్పు, మెరుపు ద్రవం (రిన్స్ ఎయిడ్) ఖర్చు వేరు. బిళ్ళ ఒక్కటే పది రూపాయలు దాటుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఉద్యోగాలకు వెళ్లే దంపతులు, ఇద్దరు పిల్లలు, ఎక్కువగా స్టీలు సామాను, సంపులోకి వచ్చే నీళ్లు ఓ మాదిరివి ఉన్న ఇంటికి యంత్రం దండగ కాదు. మొదటి గుంపు దానికి వదిలి, మిగిలినవి చేత్తో తోముకుంటే సరిపోతుంది. ఇద్దరే ఉన్న ఇంటికి, అల్యూమినియం, ఇత్తడి ఎక్కువున్న ఇంటికి, బోరు నీళ్లు మరీ గట్టిగా ఉన్నచోట రెండు తొట్లే మేలు. అంట్లు తోమడానికి ఒక మనిషి వచ్చే ఇంట్లో యంత్రం గురించి ఆలోచించేముందు, కంచాలు దులిపి నానబెట్టి ఉంచడం, చలికాలంలో ఆమెకు వేడినీళ్లు ఇవ్వడం, తొట్టిని నడుము ఎత్తుకు పెట్టడం మొదలుపెట్టండి. ఎండిన సంగటి గిన్నెను ఇంకొకరి ముందు పడేయడం మర్యాద కాదు.

కొనేముందు, కొన్నాక: బిగింపు, ఉప్పు, అమరిక

కొనకముందే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. 16 ఆంపియర్ల ఎర్త్ ఉన్న ప్లగ్గు, ముప్పావు అంగుళం కుళాయి, మురుగు గొట్టం చేరడానికి దారి. వెడల్పు మామూలు యంత్రానికి 60 సెంటీమీటర్లు, సన్నవాటికి 45. నీటి ఒత్తిడి చాలామంది మరిచిపోయే విషయం. చాలా యంత్రాలు కనీసం 0.3 నుంచి 0.5 బార్ ఒత్తిడి అడుగుతాయి. నీటి మట్టం కుళాయి కంటే 10 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు ఒక బార్ వస్తుంది. అంటే పై అంతస్తులో ఉండి, ట్యాంకు నెత్తి మీదే మూడు మీటర్ల ఎత్తులో ఉంటే దక్కేది 0.3 మాత్రమే. ఆ ఇళ్లకు చిన్న ప్రెషర్ పంపు అవసరం పడవచ్చు. బిగించేవాళ్లు వచ్చాక తెలుసుకోవడం కంటే ముందే మాన్యువల్ చూడండి.

యంత్రం అడుగున ఉప్పు గది ఉంటుంది. లోపల రెసిన్ గుళికలు నీటిలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి, ఉప్పునీళ్లు ఆ గుళికలను కడిగి మళ్లీ పనికి తెస్తాయి. మొదటిసారి మాత్రమే ఆ గది నిండా నీళ్లు పోసి, పైన ఉప్పు పోయాలి, పొంగి వచ్చే నీళ్ల గురించి దిగులు వద్దు. ఒలికిన ఉప్పు తుడిచి, వెంటనే యంత్రాన్ని ఒకసారి నడపాలి, లేకపోతే స్టీలు లోపల తుప్పు మచ్చలు పడతాయి. కల్లుప్పు చవక కదా అని పోయకండి, అందులోని మట్టి, ఇతర లవణాలు దారి మూసేస్తాయి. అయొడిన్ కలిపిన వంట ఉప్పు కూడా వద్దు. డిష్‌వాషర్ ఉప్పే కొనాలి.

కాఠిన్యం అంకెను యంత్రానికి చెప్పడం తప్పనిసరి. మాన్యువల్‌లో జర్మన్ డిగ్రీలు ఉంటే, మీ పట్టీ చూపిన మిల్లీగ్రాములను 18తో భాగించండి. 360 వస్తే 20 డిగ్రీలు. బిళ్ళలోనే ఉప్పు కలిసి ఉంటుందన్న మాట మెత్తని నీళ్లున్న ఊళ్లకు సరిపోవచ్చు. ఇక్కడి బోరు నీళ్లకు విడిగా ఉప్పు పోయాల్సిందే. వానలు పడ్డాక, వేసవి ముదిరాక మళ్లీ పట్టీ ముంచి చూసి అంకె మార్చండి.

గిన్నెలు అమర్చేటప్పుడు మెతుకులు దులపండి, నూనె తుడవండి, అంతకుమించి కడగకండి. పొడిలో పిండినీ మాంసకృత్తులనూ విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. ముందే కడిగేస్తే నీళ్లూ శ్రమా రెండుసార్లు పోతాయి. మురికి వైపు నీళ్లు చిమ్మే రెక్కల వైపుకు తిరిగి ఉండాలి. స్టీలు బాణలి, స్టీలు కుక్కరు కింది అరలో బోర్లించాలి, గ్లాసులు, గిన్నెలు పై అరలో కాస్త వాలుగా. ఒక గిన్నె నీడలో ఇంకో గిన్నె పెడితే లోపలిది అలాగే వస్తుంది. తలుపు మూసేముందు రెక్కలను చేత్తో ఒకసారి తిప్పి చూడండి, గరిటె కాడ తగిలి ఆగిపోతే ఆ అర మొత్తం మురికిగానే మిగులుతుంది.

రోజువారీకి ఎకో అనే ప్రోగ్రాం చాలు. మూడు గంటలకు పైగా తిరుగుతుందని భయపడకండి. వేడి తగ్గించి నానబెట్టే సమయం పెంచుతుంది కనుకే కరెంటు తక్కువ లాగుతుంది. నూనె గిన్నెలు ఎక్కువున్న రోజు 70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రాం పెట్టండి. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకుండా వదిలేయండి, చాలా యంత్రాలు ఆగినచోటి నుంచే మొదలుపెడతాయి. మామూలు ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి, నీళ్లు కాచే హీటరును అది మోయలేదు.

అడుగున ఉన్న జల్లెడను వారానికోసారి తీసి కడగాలి. ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు నార అక్కడే చేరతాయి. వాసన మొదలైతే కారణం నూటికి తొంభైపాళ్లు అదే. పని ముగిశాక తలుపు ఓరగా తెరిచి ఉంచండి.

బంధువులు దిగిన రోజు

మే నెలలో గంగమ్మ జాతర, ఆ తర్వాత బ్రహ్మోత్సవాలు. తిరుపతిలో ఇల్లున్నవారికి చుట్టాలు ఎప్పుడు దిగుతారో చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో యంత్రం ఒకటే సరిపోదు, ఒక్కరే సింకు దగ్గర నిలబడటమూ న్యాయం కాదు. భోజనాలకు విస్తరాకులు వేసేస్తే కంచాల బెడద ఉండదు. గ్లాసులు, చిన్న గిన్నెలు యంత్రంలో వేసి, పొంగలి, పులిహోర వండిన పెద్ద గిన్నెలను పెరట్లో నీళ్లు పోసి నానబెట్టండి. ఒకరు దులిపి, ఒకరు తోమి, ఒకరు తొలిపి, ఇంకొకరు తుడిచి పెడితే తొందరగా తెములుతుంది. తుడిచే పని మగపిల్లలకు అప్పగించడం మంచి పద్ధతి, వాళ్ల తండ్రులకు ఇంకా మంచిది. పెద్ద గిన్నెలకు కొబ్బరి పీచు, సబ్బు నీళ్లు వాడి, చివర బకెట్టుతో పోసి కడగండి. గొట్టం పెట్టి వదిలేస్తే సంపు ఖాళీ అవుతుంది, మర్నాడు స్నానాలకు వెతుక్కోవాలి. అద్దెకు తెచ్చిన గిన్నెలుంటే ముందు వాటినే తోమి, మూతలతో సహా లెక్కపెట్టి వాకిట్లో విడిగా పెట్టండి. ఇంటి గిన్నెల్లో కలిసిపోతే, వాటి కోసం బండి వచ్చాక వెతకడం పెద్ద పని.